పలాస జీడి యూనిట్: గుళ్లు తగ్గి బద్ద పెరుగుతోంది, పనివాళ్లకి ప్రోత్సాహకం ఎలా పెట్టాలి?

కాశీబుగ్గ యూనిట్:
చిన్న యూనిట్. కటింగ్‌కి (పిక్క కోసి పప్పు తీయడం) ఎనిమిది మంది, పీలింగ్‌కీ (పప్పు మీది పొట్టు ఒలవడం) గ్రేడింగ్‌కీ కలిపి పదహారు మంది. పీలింగ్ కూలి కిలో లెక్క. ఏటంటే, చెయ్యి వేగం పెరిగింది గానీ గుళ్లు (విరగని నిండు పప్పు) తగ్గి బద్ద (రెండుగా విడిన పప్పు), నూక (చిన్న ముక్కలు) ఎక్కువ వస్తున్నాయి. నెలకి ఒకరికి వెయ్యి రూపాయల బహుమతి పెడితే మిగతావాళ్లు మొహం మాడ్చుకుంటున్నారు. గొడవ లేకుండా నాణ్యత పెరిగే దారి ఉందా?

పిక్కల లెక్క:
ఆ నెల బహుమతి ముందు ఆపెయ్యండి. చెయ్యి తిరిగిన ఇద్దరు ముగ్గురి మధ్యే అది తిరుగుతుంది, మిగతావాళ్లకి మొదటి వారంలోనే ఆశ పోతుంది.

కిలో రేటు ముట్టుకోవద్దు. దాని మీద గుళ్ల శాతానికి అదనం కట్టండి. గుళ్లకీ బద్దకీ కిలోకి 150 రూపాయల తేడా అనుకుందాం, మీరు ఈ వారం రేటు వేసుకోండి. ఒకావిడ రోజుకి 8 కిలోలు ఒలిచి, గుళ్లు 70 శాతం నుంచి 74కి పెరిగితే అదనంగా నిలిచిన గుళ్లు 320 గ్రాములు, మీకు మిగులు 48 రూపాయలు. అందులో సగం, 24 రూపాయలు ఆవిడకి. 25 రోజులకి 600. మరీ తక్కువ ఇస్తే ఫలితం ఉండదు: జాగ్రత్తగా ఒలిస్తే కిలోలు పడిపోతాయి, ముందు ఆ నష్టం పూడాలి కదా.

అసలు చిక్కు వేరే ఉంది. విరిగిన ప్రతి పప్పూ ఒలిచినవాళ్ల తప్పు కాదు. పిక్క సరిగా ఉడకకపోయినా, ఉడికాక ఆరకుండానే కోసినా కటింగ్‌లోనే పప్పు తెగుతుంది. బోర్మాలో (పప్పు ఎండబెట్టే వేడి గది) ఎక్కువ ఎండితే పెళుసెక్కి వేలు తగిలితే విరుగుతుంది. తక్కువ ఎండితే పొట్టు ఊడదు, కత్తితో గీకాలి, గీకితే గాటు పడుతుంది. అందుకని ట్రే ఒలిచే ఆవిడ చేతికిచ్చే ముందు కిలో శాంపిల్ తీసి అప్పటికే విరిగింది తూచండి. 120 గ్రాములుంటే ఆ 12 శాతం ఆవిడ ఖాతాలో పడకూడదు. అది కటింగ్, బాయిలర్, బోర్మా వాళ్ల లెక్క, వాళ్లకి ప్రోత్సాహకం గుంపుగా ఇవ్వండి. ఈ తూకం మానేస్తే "మాకు ఇచ్చిందే విరిగిన సరుకు" అన్న గొడవ మొదలవుతుంది, అందులో న్యాయం కూడా వాళ్లదే.

కాశీబుగ్గ యూనిట్:
ఆ 70 శాతం గీత ఎక్కడ గీయాలి? మొదటి రోజు సగటు తీస్తే ఆ రోజు కావాలనే విరగ్గొడతారేమో.

పిక్కల లెక్క:
మొదటి రోజు సగటు వద్దు. అదే రకం పిక్క వెనకటి మూడు లాట్ల సగటు తీసుకోండి. ఉద్దానం పిక్కకీ ఆఫ్రికా పిక్కకీ వేరు వేరు గీతలు ఉండాలి. కొత్త రకం వస్తే మొదటి లాట్‌కి అందరికీ రోజుకి 15 రూపాయలు ఫ్లాట్‌గా ఇచ్చి లెక్క మాత్రం రాసుకోండి.

వాళ్లు 74కి చేరగానే గీతని 74కి జరిపే యజమానులుంటారు. అలా చేశారో, మళ్లీ ఎవరూ 71 దాటరు. సీజన్ మధ్యలో గీత కదపకండి. ఇంకోటి, డబ్బు గుళ్ల మీద పెడితే విరిగిన ముక్కలు పొట్టులోకి పోతాయి. ఇచ్చిన తూకం, తిరిగొచ్చిన పప్పూ పొట్టూ కలిపిన తూకం సరిపోవాలి. పొట్టుని రోజూ ఒకసారి జల్లెడ పట్టండి.

విజీనారం ఎకౌంట్స్:
దీన్ని చట్టం ఇమ్మన్న బోనస్‌తో కలపొద్దు. ఇరవై మంది గానీ అంతకు మించి గానీ ఉంటే బోనస్ ఇవ్వాల్సిందే: ఏడాది కూలిలో కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20. ఏడాదిలో 30 రోజులు పనిచేసినవాళ్లకీ హక్కు ఉంది. మార్చితో లెక్కలు ముగిస్తే ఎనిమిది నెలల్లోపు, అంటే నవంబర్ 30లోగా చెల్లించాలి. కిలో కూలి అయినా రోజు సంపాదన కనీస వేతనానికి తగ్గకూడదు. పది మంది గానీ అంతకు మించి గానీ ఉంటే ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కూడా ఉంటుంది: కూలిలో వాళ్ల వంతు 0.75 శాతం, మీ వంతు 3.25. ఇవి సరిగా కట్టకుండా ప్రోత్సాహకం పెడితే "మా డబ్బే మాకిస్తున్నాడు" అంటారు.

ప్రోత్సాహకాన్ని నెలాఖరు దాకా ఆపకండి, వారం కూలితోనే ఇవ్వండి. చీటీ మీద ఇచ్చిన కిలోలు, ముందే విరిగింది, గుళ్ల శాతం, రూపాయలు తెలుగులో రాసి ఉండాలి.

గ్రేడింగ్ టేబుల్:
గ్రేడింగ్ వాళ్లకి గుళ్ల శాతం కొలత పనికిరాదు, విరగడం వాళ్ల చేతిలో లేదు. వాళ్లది తప్పుల లెక్క. డబ్ల్యూ 320 గ్రేడు అంటే పౌనుకి (454 గ్రాములకి) 300 నుంచి 320 పప్పులు. టిన్ను నుంచి 454 గ్రాములు తీసి లెక్కపెట్టండి. 320 దాటితే చిన్న పప్పు కలిసినట్టే, 300కి బాగా తగ్గితే పెద్ద పప్పుని తక్కువ రేటుకి అమ్ముతున్నట్టు. తేడా రాని టిన్నుకి ఇంత అని కట్టండి. చెకింగ్ మాత్రం రోజూ ఒకే సూపర్‌వైజర్ చేతిలో పెట్టకండి, బంధుత్వాలు బయటికొస్తాయి.

హాజరు బోనస్ పెట్టేటప్పుడు "ఒక్క నాగా పడితే మొత్తం పోతుంది" అని పెట్టొద్దు. ఐదో తారీఖున జ్వరమొచ్చిందంటే మిగతా నెల రావడానికి ఆవిడకి కారణం మిగలదు. వారానికో వాటాగా విడగొట్టండి.

కటింగ్ వాళ్లకి మాత్రం డబ్బు కన్నా ముందు చేతులు చూడండి. పిక్క పెంకులోంచి వచ్చే జీడి నూనెకి చర్మం ఊడిపోతుంటే ఏ ప్రోత్సాహకమూ వాళ్లని నిలపదు. ఆముదం, గ్లవ్స్ యూనిట్ ఖర్చే. గ్లవ్స్ చిరిగిన రోజే మార్చాలి, చిరుగులోంచి లోపలికి పోయిన నూనె అక్కడే ఉండిపోయి ఇంకా ఎక్కువ కాలుస్తుంది.