విదేశాల్లో పని వెతుక్కునే ఆర్కిటెక్ట్ ఆఫీసులకు సర్కారు డబ్బివ్వాలా?

బరంపురం బ్లూప్రింట్: బరంపురంలో నలుగురైదుగురితో నడిచే ఆఫీసులు కూడా మస్కట్, లండన్ పనులు చేయగలవు. సేవల ఎగుమతికి కేంద్రం పెట్టిన ఎస్‌ఈఐఎస్ పథకం ఉన్నప్పుడు నికర విదేశీ మారకం మీద 5 శాతం, 2017 నవంబరు నుంచి కొంతకాలం 7 శాతం స్క్రిప్, అంటే దిగుమతి సుంకానికి వాడుకునే పత్రం, వచ్చేది. 2019-20 తర్వాత చేసిన పనికి అదీ లేదు. సింగపూర్‌ని చూడండి. అమరావతి మాస్టర్ ప్లాన్ అక్కడి సుర్బానా, జురాంగ్ కంపెనీల చేతికి ఊరికే రాలేదు, వెనక 2014లో వాళ్ల ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందం ఉంది. మనకెవరున్నారు?

పర్లాకోట: భువనేశ్వర్‌కే 1948లో జర్మనీ ఆయన కోనిగ్స్‌బర్గర్ ప్లాన్ గీశాడు. బయటివాళ్లు రావడం కొత్తా?

కొలతబద్ద: ఎస్‌ఈఐఎస్ చిన్నవాళ్లకు అందిందెక్కడ? కంపెనీకి ఏడాదికి నికరంగా 15,000 డాలర్లు, ఒంటరి ప్రొప్రయిటర్‌కి 10,000 దాటితేనే అర్హత. పోయినదాని కోసం ఏడవడం దండగ.

రాయగడ బాబు: అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇక్కడ ఇళ్లు కట్టించుకుంటున్నారు. ఫీజు డాలర్లలోనే ఇస్తారు. అదీ ఎగుమతే కదా అన్నా?

కొలతబద్ద: కాదు తమ్ముడూ. ఐజీఎస్టీ చట్టం 13(4) చదువు, అందులో ఆర్కిటెక్ట్ అన్న మాటే ఉంది. ఇద్దరిలో ఒకరు విదేశంలో ఉంటే, కట్టడం ఎక్కడుంటే సేవ అక్కడ ఇచ్చినట్టు లెక్క. ఇల్లు గోపాలపూర్‌లో ఉంటే 18 శాతం జీఎస్టీ. గాంధీనగర్ వ్యాపారి మస్కట్‌లో షోరూం కట్టుకుంటే ఇద్దరూ ఇక్కడివాళ్లే కాబట్టి 12(3) ప్రకారం మళ్లీ 18. క్లయింటూ బయటే, కట్టడమూ బయటే, డబ్బు విదేశీ మారకంలో రావాలి. అప్పుడే ఎగుమతి. దానికి పన్ను లేకుండా బిల్లు కొట్టాలంటే ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం, అది కూడా ఏటా కొత్తది. బిల్లు తేదీ నుంచి ఏడాది, లేదా విదేశీ మారక చట్టం ఇచ్చే గడువు, ఏది తర్వాతైతే అందులోపు డబ్బు రాకపోతే పన్నూ వడ్డీ మన నెత్తినే. గల్ఫ్‌లో చివరి వాయిదా మున్సిపల్ అనుమతి దాకా ఆపేవాళ్లున్నారు, దానికి ముందుగా బిల్లు కొట్టకండి.

బరంపురం బ్లూప్రింట్: మాస్టారూ, జీఎస్టీ క్లాసు ఎవరడిగారు? ఖర్చు సంగతి చెప్పండి. ప్లాన్లు గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్ చందా ఏటా కట్టాలి. బ్రిటన్ క్లయింటు పని అప్పగించే ముందే వృత్తి బాధ్యత బీమా కాగితం అడుగుతాడు. ఫైళ్లకు ఐఎస్‌ఓ 19650 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో పేరు పెట్టాలి. ప్రాజెక్టు, సంస్థ, భాగం, అంతస్తు, రకం, వృత్తి, అంకె. ఏడు ముక్కలు, మధ్యలో హైఫన్లు. గీత ఎంత బాగున్నా ఒక్క ముక్క తప్పితే ఫైలు వెనక్కి. ఇవన్నీ నేర్పే మనిషికి జీతం ఎవరిస్తారు? విదేశీ మార్కెట్లు వెతుక్కునేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ఎంఏఐ పథకంలో 2025 దాకా స్టాలుకీ విమానానికీ సాయం ఉండేది, కానీ టికెట్టు ముందు మన జేబులోంచే.

పర్లాకోట: టికెట్టిస్తే పనొస్తుందా?

కొలతబద్ద: అదీ ప్రశ్న. సంతకం ఎవరిది? అమెరికాలో ఆ రాష్ట్రం లైసెన్సు లేనిదే స్టాంపు పడదు. బ్రిటన్‌లో 1997 చట్టం ఆర్కిటెక్ట్ అన్న పేరునే కాపాడుతుంది, గీయడాన్ని ఆపదు. మన 1972 చట్టమూ అంతేనని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అంటే ఇక్కణ్ణుంచి వెళ్లేవి గీతలు, బోర్డు మీద పేరు అక్కడివాడిది. రాత్రంతా కూచుని చేసిన డోర్ షెడ్యూలుకి, అదే తలుపుల పట్టికకి, సర్కారు డబ్బా?

బరంపురం బ్లూప్రింట్: డోర్ షెడ్యూలంటే అంత చులకనా? తలుపు ఎటు తెరుచుకోవాలో ఒక్క వరసలో తప్పు రాస్తే ఆ రకం తలుపులన్నీ కుడికి బదులు ఎడమకి తయారై వస్తాయి. చౌకట్లకు బిగవవు. భువనేశ్వర్‌లో టెండర్ల చుట్టూ తిరిగేవాళ్లకి ఈ పని విలువేం తెలుస్తుంది!

కొలతబద్ద: టెండరు మాట నువ్వే తెచ్చావు, విను. ఇక్కడ బడి కట్టాలన్నా బస్టాండు కట్టాలన్నా మూడేళ్ల టర్నోవరు చూపమంటారు, అలాంటి పని ముందే చేసుండాలంటారు. చిన్న ఆఫీసు అక్కడే ఆగిపోతుంది. అందుకే మన పోర్ట్‌ఫోలియోలో ఇళ్లు తప్ప ఇంకేం ఉండవు. కేంద్రానికి చెందిన ఎగుమతి-దిగుమతి (ఎగ్జిమ్) బ్యాంకు విదేశాలకిచ్చే అప్పుల్లో మామూలుగా 75 శాతం సరుకూ సేవా భారత్ నుంచే తీసుకోవాలి. ఆ సేవలో మన వాటా ఏది? అక్కడా అవే షరతులు. టర్నోవరు అడగని డిజైన్ పోటీ పెట్టి ఈ జిల్లాల్లో నాలుగు బడులు ఇవ్వమను. తర్వాత టికెట్టు అడుగుదాం.

బరంపురం బ్లూప్రింట్: ఓహో, నేను బయట పని అడుగుతుంటే మీరు ఇంట్లో పని అడుగుతున్నారన్నమాట. మొదటే చెప్పుంటే సగం గొడవ తప్పేది. పోటీ పెట్టి, గెలిచి, బడి లేచేసరికి రెండేళ్లు. అందాకా జీతాలు ఆ డోర్ షెడ్యూళ్లే ఇవ్వాలి.

కొలతబద్ద: ఇవ్వనీ. ఎగుమతి పథకం అని పేరు మాత్రం పెట్టకు.

రాయగడ బాబు: మీరు మీరు తేల్చుకోండి గానీ, ఆ గోపాలపూర్ ఇంటికి ఎల్‌యూటీ కింద సున్నా పన్నుతో బిల్లు కొట్టేశాం. ఇప్పుడెలా?

కొలతబద్ద: జీఎస్టీ రిటర్నులో ఎగుమతి పట్టికలోంచి సవరించి సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9 వడ్డీతో కట్టండి. క్లయింటుకి ఇవాళే చెప్పండి, ఫీజులో పన్ను కలిసుందని వాళ్లు అనుకుంటే ఆ 18 మీ జేబులోంచే.