ఉచిత మెయిల్ వాళ్లే పంపే ప్రకటనలు ఆపేదెలా? (మా నాన్నగారి ఇన్‌బాక్స్)

బొబ్బిలి అమ్మాయి:

మా నాన్నగారికి 71 ఏళ్లు, రిటైర్డ్ హెడ్మాస్టరు. ఉత్తరం వస్తే చదవకుండా పక్కన పెట్టడం ఆయన వల్ల కాదు. సంక్రాంతికి ఇంటికెళ్తే టీవీ పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ కనిపించింది. స్కేలుతో గళ్లు గీసి తేదీ, ఎవరు పంపారు, ఏం చెయ్యాలి అని రాసుకున్నారు. "జనవరి 9 - స్టోరేజీ కొనమంటున్నారు - అమ్మాయిని అడగాలి." "జనవరి 10 - చెప్పుల షాపు, ఈ రాత్రితో ఆఖరు - అవసరం లేదు." అలా పదకొండు పేజీలు. రోజూ కాఫీ తాగాక గంటసేపు ఇదే పని.

ఇంత శ్రద్ధగా చూసినా ఆరోగ్య బీమా రెన్యువల్ మెయిల్ ఆ ప్రకటనల కింద పడిపోయింది. గడువు దాటాక కట్టడానికి ఇచ్చే గ్రేస్ పీరియడ్ 30 రోజుల్లో ఇంకా ఆరు రోజులుందనగా నేను చూసి కట్టాను. అమ్మకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. పాలసీ పోయుంటే, ఉన్న జబ్బులకి బీమా వర్తించడానికి ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటికొచ్చేది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంది.

షాపుల సంగతి ఎలాగో చూసుకుంటాను. మెయిల్ ఇచ్చిన సంస్థే పంపేవి, మెయిల్‌లాగే కనిపిస్తూ పైన కూర్చునే ప్రకటనలు, వీటిని ఆపే దారుందా? అడ్రసు మార్చలేం. బ్యాంకుకీ పెన్షనుకీ ఇదే ఇచ్చారు.

కోనసీమ కుర్రాడు:

అన్నీ సెలెక్ట్ చేసి స్పామ్‌లో పడెయ్యండి అక్కా, నాలుగు రోజుల్లో దారికొస్తాయి. ప్రకటనల ఎస్సెమ్మెస్‌లు ఆపడానికి 1909 ఉన్నట్టు మెయిల్‌కి కూడా ఏదైనా నంబరుందేమో?

పాత మెయిలర్:

తమ్ముడూ, అన్నీ స్పామ్‌లో వెయ్యొద్దు. ఆ బీమా కంపెనీ మెయిల్ కూడా అందులో కలిసిందంటే రేపటి రెన్యువల్ నోటీసు నేరుగా స్పామ్‌కే పోతుంది. జీమెయిల్‌లో అయితే 30 రోజులకి దానంతటదే చెరిగిపోతుంది కూడా. 1909 కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకీ మాత్రమే, మెయిల్‌కి పనికిరాదు.

అమ్మా, నేను హైదరాబాద్‌లో కంపెనీల తరఫున బల్క్ మెయిల్స్ పంపే చోట నాలుగేళ్లు పనిచేశాను. మెయిల్ అడుగున చిన్నక్షరాల్లో ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ (ఇక పంపొద్దని చెప్పే) లింకు కోసం వెతకొద్దు. అది ఒక్కోసారి లాగిన్ అడుగుతుంది, కారణం అడుగుతుంది, పెద్దవాళ్లు మధ్యలోనే వదిలేస్తారు. పైన పంపినవారి పేరు పక్కనే వచ్చే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రెండూ పెద్ద ఎత్తున మెయిల్స్ పంపేవాళ్లకి షరతు పెట్టాయి. జీమెయిల్ లెక్కలో అంటే రోజుకి 5,000కు పైగా. ప్రకటన మెయిల్స్‌లో ఒక్క నొక్కుతో ఆపే ఏర్పాటుండాలి, నొక్కిన రెండు రోజుల్లో ఆపెయ్యాలి. పాటించకపోతే వాళ్ల మెయిల్సే స్పామ్‌లోకి పోతాయి. అందుకే ఆ బటన్ అంటే కంపెనీలకి భయం, నేను కళ్లారా చూశాను. ఎవరో తెలియని వాళ్ల మెయిల్‌లో లింకులు మాత్రం ముట్టుకోవద్దు, అడ్రసు వాడుకలో ఉందని మనమే చెప్పినట్టవుతుంది. వాటికి స్పామే మందు.

ఇక మీరడిగింది. మెయిల్ ఇచ్చిన సంస్థ పంపే కొత్త ఫీచర్లు, ఆఫర్ల మెయిల్స్ అకౌంట్ సెట్టింగ్స్‌లోనో ఆ మెయిల్‌లోనో ఆపుకోవచ్చు. పాస్‌వర్డ్, సెక్యూరిటీ నోటీసులు ఆగవు, ఆపకూడదు కూడా.

మీది జీమెయిలో కాదో రాయలేదు. అయితే మాత్రం "స్టోరేజీ కొనండి" అన్నది ఆపడానికి బటన్ వెతకొద్దు. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ ఒకే సంచిలో ఉంటాయి. చాలామంది పెద్దవాళ్ల ఫోన్లలో నింపేది మెయిల్ కాదు, ఫొటోల బ్యాకప్. వాట్సాప్ గుడ్ మార్నింగ్ బొమ్మలు కూడా అందులోకే ఎక్కుతున్నాయేమో చూడండి.

మెయిల్‌లా కనిపించే ప్రకటనలు ఎక్కువగా ప్రమోషన్స్, సోషల్ ట్యాబుల్లో వస్తాయి. సెట్టింగ్స్‌లో ఇన్‌బాక్స్ కేటగిరీలు తీసేస్తే ఆ ట్యాబులు పోతాయి, వాటితో పాటు ఇవీ పోతాయి. కానీ షాపుల మెయిల్స్ అన్నీ మెయిన్ ఇన్‌బాక్స్‌లోకి వచ్చిపడతాయి. ముందు అన్‌సబ్‌స్క్రైబ్ పని పూర్తి చేసుకుని, ఆ తర్వాతే ఇది చెయ్యండి.

బొబ్బిలి అమ్మాయి:

చాలా థ్యాంక్స్ అండీ. జీమెయిలే. మీరన్నట్టే బొమ్మలే! దీపాలూ పువ్వులూ కలిపి 9 జీబీ. వాట్సాప్ ఫోల్డర్ బ్యాకప్ ఆపి, నాన్నగారు చూసి సరేనన్నవన్నీ తీసేశాను. ఎడమవైపు మెనూలో మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ అని ఉంది, ఎక్కువ పంపేవాళ్లు పైనే కనిపించారు. నాన్నగారు పక్కన కూర్చుని ఒక్కొక్క పేరూ చదివి "ఆపు", "ఉంచు" అని చెప్తుంటే 43 ఆపాం. విత్తనాల కంపెనీది మాత్రం ఉంచమన్నారు, పెరట్లో బీరపాదుకి పనికొస్తుందట.

బీమా కంపెనీ మెయిల్‌కి ఫిల్టర్ పెట్టి నాక్కూడా ఫార్వర్డ్ అయ్యేలా చేశాను. ఇవాళ్టికి ఐదో రోజు. చెప్పుల షాపు ఒక్కటే ఇంకా పంపుతోంది. దాన్ని స్పామ్‌లో వేసెయ్యొచ్చా?

పాత మెయిలర్:

రెండు రోజులు దాటింది కదమ్మా, నిక్షేపంగా వెయ్యండి.