మా ఊరి చిట్టెపు దిబ్బ కథ ఎక్కడ వెతకాలి?

పాతపట్నం టీచరు:

మా ఊరు పాతపట్నం దాటాక మహేంద్రతనయ ఒడ్డున. పడమటి చెరువుగట్టు దిగితే ఒక దిబ్బ ఉంది. అందరూ చిట్టెపు దిబ్బ అంటారు. చిట్టెం అంటే ఇనుము పనిలో మిగిలి గడ్డకట్టే మడ్డి. చిన్నప్పుడు అటు ఆడుకోవడానికి పోతే మా అమ్మమ్మ "సెప్పుల్లేకుండా దిబ్బెక్కకండర్రా, సిట్టెం కోసేస్తాది" అని కేకేసేది. కోసింది కూడా. నా ఎడమ మడమ మీద ఇప్పటికీ గీత ఉంది.

మొన్న సంక్రాంతికి వెళ్తే దిబ్బలో మూడో వంతు లేదు. రోడ్డు మెరక కోసం జేసీబీతో తవ్వి ట్రాక్టర్లలో తోలుకుపోయారట. కోసిన చోటు గోడలా నిలబడి ఉంది. నల్లటి చిట్టెం, దాని కింద ఎర్రగా కాలిన మట్టి, కాస్త బూడిద, బొగ్గు, మళ్ళీ చిట్టెం. ఎన్నేళ్ళ పనో! కింద రాలిన వాటిలోంచి రెండు ముక్కలు తెచ్చుకున్నాను. ఒకటి అరచేతిలో పట్టేంత. బెల్లం పాకం కారి గడ్డకట్టినట్టు ఒకవైపంతా తాళ్ళు తాళ్ళుగా ఉంది, చూపుకి మించిన బరువు. రెండోది మట్టిగొట్టం ముక్క. బొటనవేలు దూరేంత రంధ్రం, ఒక కొస కరిగి గాజులా పచ్చగా మెరుస్తోంది.

ఊళ్ళో అడిగితే "కమ్మరి కొలిమి ఉండేది" అంటారు, అంతే. ఒక కమ్మరి నాగలి కర్రులు సాగదీస్తే ఇంత దిబ్బ లేస్తుందా? ఇప్పుడు ఊళ్ళో కమ్మరి ఇల్లు ఒక్కటీ లేదు, అడగడానికి. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరు మొత్తం తిరగేశాను, మా పక్క ఊసే లేదు. ఒక ఆఫీసులో అడిగితే "ఇనుము పేరుతో రికార్డు ఉండదమ్మా" అని పంపేశారు.

అక్కడ రాయి నుంచి ఇనుము తీశారా, బయట నుంచి తెచ్చిన ఇనుముతో పనిముట్లు చేశారా? ఎలా తెలుస్తుంది? కాగితాల్లో ఎక్కడ చూడాలి? మిగిలిన దిబ్బ కూడా పోకముందే రాసిపెట్టాలని నా ఆత్రం.

గరివిడి పెద్దాయన:

అమ్మా, ముప్ఫయ్యేళ్ళు మాంగనీసు గనుల్లో శాంపిళ్ళు తీశాను. ముందు ఒక అనుమానం తీర్చుకోండి. 1892లో మా కోడూరు దగ్గర మాంగనీసు తవ్వకం మొదలైన దగ్గర్నుంచి ఈ వైపు నల్లగా, బరువుగా ఏది కనబడినా జనం మాంగనీసు అనేస్తారు. మెత్తని మాంగనీసు రాయి చేతికి మసి అంటుతుంది. చిట్టెం అంటదు. మీరు చెప్పిన తాళ్ళు, తిత్తి గాలి లోపలికి పోయే మట్టిగొట్టం చూస్తే మీది చిట్టెమే.

ఇనుము నీళ్ళలా కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. బొగ్గు, తిత్తులతో ఊరి బట్టీలో వచ్చేది 1200 చుట్టుపక్కల. ఆ వేడికి రాయిలోని మడ్డి కరిగి కిందికి కారుతుంది, ఇనుము స్పాంజిలాంటి ముద్దగా లోపలే మిగులుతుంది. కారి గడ్డకట్టిందే మీ చేతిలోని తాళ్ళ చిట్టెం. దాన్లో ఇనుము చాలా ఉండిపోతుంది, అందుకే ఆ బరువు. కమ్మరి కొలిమి అడుగున పేరుకునేది వేరు. అది చిన్న గిన్నెలాగా ఒకవైపు ఉబ్బి, ఇంకోవైపు చదునుగా ఉంటుంది. కాబట్టి మీ దిబ్బ దగ్గర రాయి నుంచి ఇనుము తీశారు.

పనిముట్లు కూడా అక్కడే చేశారేమో చూడాలంటే, పాత స్పీకరు అయస్కాంతానికి పాలిథిన్ కవరు చుట్టి చుట్టుపక్కల నేల మీద తిప్పండి. సమ్మెట దెబ్బకి ఎర్రగా కాలిన ఇనుము మీంచి చేప పొలుసుల్లాంటి రేకులు రాలతాయి. అవి అంటుకుంటే ఆ చోటే దాగలి, అంటే ఇనుము పెట్టి సమ్మెటతో కొట్టే దిమ్మ, ఉండేది.

ఒక్క మాట. తవ్వకండి. ఆ గొట్టం ముక్కల్ని కడగకండి. వయసు కట్టడానికి బొగ్గు ఉంది కదా అనుకోవచ్చు. కానీ గత మూడు వందల ఏళ్ళలోది అయితే కార్బన్ పరీక్ష కచ్చితమైన ఏడు చెప్పలేదు. మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్పే థెర్మోల్యూమినిసెన్స్ పరీక్ష అలాంటప్పుడు ఎక్కువ పనికొస్తుంది.

పాత కాగితాలు:

టీచరు గారూ, గెజిటీరులో మీ ఊరు లేకపోవడానికి కారణం సులువు. 1907లో పాతపట్నం విశాఖ జిల్లాలో లేదు, గంజాంలో ఉంది, పర్లాకిమిడి జమీందారీ కింద. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మీ వైపు విశాఖలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. అందుకని 1882 నాటి గంజాం జిల్లా మాన్యువల్ పట్టండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. గంజాం కోసం భువనేశ్వర్‌లోనూ అడగాలి.

"ఇనుము" అని వెతికితే దొరకదన్న మాట నిజమే. కమ్మరి మాన్యం అని వెతకండి, వృత్తుల మీద వేసిన మొహతర్ఫా పన్ను అని వెతకండి. మీది ఎస్టేటు (జమీందారీ) గ్రామం కాబట్టి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాత జరిగిన సర్వే కాగితాలు ముఖ్యం. ఫెయిర్ అడంగల్ (ఏ భూమి ఎవరిదో రాసిన రిజిస్టరు), ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (కొలతల పటం) నకలు అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. దిబ్బ పోరంబోకులో ఉందా, పట్టాలో ఉందా అన్నది తేలితేనే ట్రాక్టర్లని ఆపమనడానికి మీకు ఆధారం.

కొలిమి ఇంటి మనిషి:

మా తాత టెక్కలి దగ్గర కొలిమి నడిపాడు. తిత్తి లాగింది నేనే, పదేళ్ళప్పుడు. ఆయన నోట రెండు మాటలుండేవి, ఇక్కడే రాయి కాల్చి తీసిన నాటు ఇనుము, విదేశాల నుంచి దిగిన సీమ ఇనుము. నాటు ఇనుము తన చిన్నతనానికే పోయిందని చెప్పేవాడు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు పడింది, మీ పాతపట్నం మీదుగానే. సీమ ఇనుము బద్దీలు చవగ్గా దిగితే రాయి కాల్చేదెవరు? పైగా 1882 అటవీ చట్టం తరవాత రిజర్వు అడవిలో ఇష్టం వచ్చినట్టు బొగ్గు కాల్చుకోనివ్వలేదు. ముద్ద ఇనుముకి ఎంత బొగ్గు తింటుందో కొలిమి దగ్గర కూర్చున్నవాడికే తెలుసు.

ఇంకోటి. మండూర భస్మానికి నూరేళ్ళ పాత చిట్టెం శ్రేష్ఠమని ఆయుర్వేదంలో చెప్తారు. మా ఊరి ఆచారి గారు దానికోసం దిబ్బలు వెతుక్కుంటూ తిరిగేవారు. మీ వైపు పాత వైద్యుల ఇళ్ళుంటే అడగండమ్మా, ఏ దిబ్బ ఎంత పాతదో వాళ్ళకి ఒక లెక్క ఉంటుంది. మడుల పేర్లు కూడా రైతుల్ని అడగండి. కాగితంలో లేని పేరు మడికి ఉంటుంది.

పాతపట్నం టీచరు:

అందరికీ దండాలు. ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరితో అయస్కాంతం పట్టుకుని వెళ్ళాను. దిబ్బ మీద పెద్దగా అంటుకోలేదు. ఇరవై అడుగులు అవతల చింతచెట్టు కింద కవరు నల్లబడిపోయింది. గోటి మీద పెట్టి చూస్తే అచ్చం పొలుసులే. అది ఎవరి మడి అని అడిగితే రైతు "కొలిమి మడి కదా" అన్నాడు. పుట్టిన దగ్గర్నుంచి ఆ గట్టు మీదే నడిచాను, ఆ పేరు ఎప్పుడూ వినలేదు!

కోసిన గోడకి పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీశాను. సర్పంచి గారు ప్రస్తుతానికి తాడు కట్టించారు. ఎఫ్‌ఎంబీ నకలుకి సోమవారం దరఖాస్తు పెడతాను. కొలిమి ఇంటి బాబుగారూ, ఈ నెలలో ఒక్క పూట వీలు చేసుకుని వస్తారా? దాగలి ఏ వైపు ఉండేదో, తిత్తి ఎక్కడ నుంచి లాగేవారో ఆ నేల మీద నిలబడి మీరు చూపిస్తే పిల్లలు పటం గీస్తారు.