పాలకుడికి మనతో పనే లేనప్పుడు అహింస ఏం చేయగలదు?

సందేహి:
ప్రపంచశాంతికి అహింసే మార్గమనేవారు ఉప్పు సత్యాగ్రహాన్ని గుర్తుచేస్తారు గానీ, 1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో నల్లజాతివారు ఎక్కడికెళ్లినా గుర్తింపు పత్రం వెంట ఉంచుకోవాలనే పాస్ చట్టాలను నిరసిస్తూ గుమిగూడిన నిరాయుధుల మీద పోలీసులు కాల్పులు జరిపిన సంగతి ఎత్తరు. అధికారిక లెక్క ప్రకారమే 69 మంది చనిపోయారు. మరుసటి ఏడాదే నెల్సన్ మండేలా తదితరులు తమ పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు సాయుధ విభాగాన్ని స్థాపించారు. జాలి అన్నదే లేని పాలకుడి ముందు అహింస ఎందుకు పనికొస్తుంది?

నిలకడ:
సందేహి గారూ, అహింస పాలకుడి జాలి మీద ఆధారపడుతుందన్న మీ ఊహతోనే నాకు పేచీ. పాలన సాగడానికి రోజూ ఎవరో ఒకరు చేసిపెట్టవలసిన పనులుంటాయి. వాటిని చేయబోమని కలిసికట్టుగా నిలబడటంలోనే దాని బలమంతా ఉంది. 1942లో నాజీల ఆక్రమణలో ఉన్న నార్వేలో, ఉపాధ్యాయులందరూ తమ పార్టీ అదుపులోని సంఘంలో చేరి తీరాలని నాజీలతో చేతులు కలిపిన నార్వే నాయకుడు క్విస్లింగ్ ప్రభుత్వం ఆదేశించింది. దేశంలోని దాదాపు 12,000 మంది ఉపాధ్యాయుల్లో అత్యధికులు, తాము చేరలేమంటూ ఒకే రకమైన వాక్యాలతో, సొంత సంతకాలతో ఉత్తరాలు పంపారు. వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. వారిలో వందల మందిని ఆర్కిటిక్ ప్రాంతంలోని కిర్కెనెస్‌కు తరలించి వెట్టిచాకిరీ చేయించారు. అయినా మిగిలినవారు లొంగలేదు, సంఘం ఆలోచన అటకెక్కింది, ఆ ఏడాది చివరికల్లా ఖైదీలు ఇళ్లకు చేరారు. ఇదంతా పాలకుల మనసు కరిగి జరిగింది కాదు.

సందేహి:
ఉపాధ్యాయులు నాజీలకు కావలసినవారు, యూదులు అక్కర్లేదనుకున్నవారు. చంపాలనే నిశ్చయించుకున్నవాడికి చావబోయేవారు సహాయ నిరాకరణ చేస్తే ఏం నష్టం?

నిలకడ:
బాధితుల చేతిలో లేని పట్టు చుట్టుపక్కలవారి చేతిలో ఉండవచ్చు. 1943 అక్టోబరులో డెన్మార్క్ ప్రజలు 7,000 మందికి పైగా యూదులను ఎక్కువగా చేపల పడవల్లోనే స్వీడన్‌కు దాటించారు. పక్కనే తటస్థ దేశం ఉండటం కలిసివచ్చిన మాట నిజమే. హిట్లర్‌ను చివరికి కూల్చింది సైన్యాలేనన్నదీ నిజమే.

మూడోపక్షం:
ఆక్రమణ జరిగిపోయాక ఏం చేయాలన్న దగ్గరే ఇద్దరూ ఆగిపోతున్నారు. 1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వంలోని వార్సా ఒప్పంద దేశాల సైన్యాలు చెకోస్లొవేకియాలో దిగినప్పుడు జనం ఆ సైన్యాలు దారి తప్పేలా వీధుల పేరుపలకలు పీకేశారు, ట్యాంకుల చుట్టూ మూగి సైనికులతో వాదించారు. అంత చేసినా 1969 ఏప్రిల్‌లో సంస్కరణలు తెచ్చిన ఆ దేశ నాయకుడు దుబ్చెక్ పదవి పోయింది. ఇక వందల కిలోమీటర్ల దూరం నుంచి క్షిపణి వదిలేవాడికి అది పడేచోట ఉన్న జనం సహకారంతో నిమిత్తమే లేదు. అతనికి కావలసిన సహకారమంతా సొంత దేశంలోని సైనికులు, కార్మికులు, పన్ను కట్టేవారి నుంచే రావాలి. అందువల్ల దాడికి గురైన దేశానికి అహింసను బోధించడం కంటే, యుద్ధానికి వెళ్లబోమనే పౌరులను జైలుపాలు చేయకుండా కాపాడే చట్టాలు ప్రతి దేశంలోనూ ఉండాలని కోరడం ముందు జరగవలసిన పని.