గాంబీన్ వాడు, నాగు వడ్డీ, దెప్పరం

పాత నవలల పిచ్చి:
బ్రామ్ స్టోకర్ 'ద స్నేక్స్ పాస్' (1890) చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? డ్రాక్యులాకి ఏడేళ్ల ముందుది. మొదట్లోనే, తుపాను పడుతుంటే జనమంతా కెలిగన్ అనే వితంతువు నడిపే సారాకొట్టులో చేరతారు. అక్కడ ఒక ముసలాయన 'గాంబీన్ మనిషి' అంటే ఎవరో చెబుతాడు. అక్షరాలా గుర్తు లేదు గానీ సారాంశం ఇది: పట్నంలో వడ్డీవ్యాపారికి చట్టం అడ్డముంటుంది, వీడికి చట్టమూ లేదు, చట్టమంటే భయమూ లేదు. తెలుగు చేద్దామని కూర్చుంటే అక్కడే ఆగిపోయాను. ఇద్దరినీ 'వడ్డీవ్యాపారి' అంటే ఆ ముసలాయన చెప్పిన తేడాయే పోతుంది. షావుకారు అంటే మరీ మర్యాద. ఏమందాం?

కళ్లం కబుర్లు:
అన్నా, మా దిక్కు 'నాగు' అనేది ఉండె. ధాన్యం అప్పు, వడ్డీ కూడా గింజల్లోనే. పంట కళ్లం మీదుండంగనే కొలుచుకపోతరు. 'నాగులిచ్చేటోడు' అను, సరిపోతది. పైగా నవల పేరే పాముల కనుమ!

పాత నవలల పిచ్చి:
భలే కుదిరింది తమ్ముడూ. నవలలో ఆ గాంబీన్ మనిషి మర్డాక్. వాడికీ పాముకీ నవల పొడుగునా పోలిక నడుస్తూనే ఉంటుంది. సెయింట్ ప్యాట్రిక్ ఐర్లండ్‌లోని పాములన్నిటినీ వెళ్లగొడితే, పాముల రాజు మాత్రం పోనని మొండికేసి, కొండ మీది సరస్సులో దాక్కుని, బంగారు కిరీటం దాచాడని కథ.

ఛందో భాస్కరం:
ఆగండి. ధాన్యపు వడ్డీ నాగు వేరు, త్రాచుపాము నాగు వేరు. రెండోది సంస్కృత నాగ శబ్దం నుంచి వచ్చింది. మొదటిది దేశ్యం. శబ్దసామ్యం చూసి చుట్టరికం కలపకండి.

కళ్లం కబుర్లు:
దేశ్యమంటే ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుండ్రి సార్. నాకైతే నాగలితోటి సంబంధం ఉన్నట్టనిపిస్తది. దున్నే యాళ్లకే కదా విత్తనాలకు అప్పు తెచ్చేది.

ఛందో భాస్కరం:
'లి' ఎక్కడ పోయింది? నాగేలు, నాగలి అన్న రూపాలున్నాయి. కేవలం 'నాగు' అని నాగలిని అన్న ప్రయోగం ఒక్కటి చూపించండి, ఒప్పుకుంటాను.

డబ్లిన్ చలి:
నేనుండేది ఐర్లండ్‌లో, డబ్లిన్‌లోనే కాబట్టి ఒక మాట. గాంబీన్ అనేది ఐరిష్ 'గైంబీన్' నుంచి వచ్చింది, వడ్డీ అని అర్థం. అంటే ముందు వడ్డీకి పేరు, తర్వాత మనిషికి. మన నాగు కూడా అదే దారి. 1845 తర్వాత ఆలుగడ్డ పంట కుళ్లిపోయి కరవొచ్చినప్పుడు, మొక్కజొన్నపిండీ ఓట్‌పిండీ అరువిచ్చి బాగుపడిన కొట్టువాళ్లకి ఆ పేరు గట్టిగా అంటుకుంది. ఇప్పటికీ ఇక్కడ కక్కుర్తి రాజకీయ నాయకుణ్ణి గాంబీన్ అనే తిడతారు. ఇంకోటి, నవలలో ఆ కనుమ పేరు 'ష్లీనానహర్'లో పాముకి ఉన్న ఐరిష్ మాట 'నహిర్'. వినడానికి నాగకి దగ్గరగా లేదూ?

ఛందో భాస్కరం:
లేదు. అది పాముల పేర్లయిన లాటిన్ 'నాట్రిక్స్'కి, ఇంగ్లిష్ 'ఆడర్'కి చుట్టం. పాత ఇంగ్లిష్‌లో ఆ ఆడర్‌కి ముందు 'న' ఉండేది, పక్కనున్న ఆర్టికల్ 'ఎ' లాక్కుపోయింది.

గోదారి గట్టు:
ఇక్కడ అందరూ నవలని వదిలేశారు. నిధి కథ అని మొదలుపెట్టాను, 1798లో ఫ్రెంచివాళ్లు తెచ్చిన బంగారం, బురదలో దిగిపోయిన పెట్టె, అదీ ఇదీ. కానీ నన్ను కూర్చోబెట్టింది అప్పు కాగితం. గడువు రోజున, అప్పు తీసుకున్న రైతు ఫెలిమ్ జాయిస్ గుర్రంతో సహా నీళ్లలో పడి, ఆలస్యంగా వస్తాడు. అంతే, మంచి భూమి మర్డాక్ పాలు. ఆ పేజీల్లో ఉన్నంత టెన్షన్ కిరీటం వెతుకులాటలో లేదు. స్టోకర్ ఐర్లండ్ పల్లె కోర్టుల మీద ఇన్‌స్పెక్టరుగా తిరిగినవాడు, ఆ గుమాస్తాల విధుల మీద 1879లో పుస్తకమే వేశాడు. గడువు దాటితే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. ప్రేమకథ మాత్రం నాకు నీరసం.

పాత నవలల పిచ్చి:
ప్రేమకథ సంగతి ఒప్పుకుంటాను. బురద నేల సంగతి మాత్రం మీరు తక్కువ చేశారమ్మా. కదిలే నేల! ఇంజినీరు డిక్ సదర్లాండ్ దాన్ని లెక్కలు కట్టి కొలుస్తుంటాడు, మరో పక్క ఊళ్లోవాళ్లు పాము కథ చెబుతుంటారు. రెండిట్లో ఏది నమ్మాలో చివరిదాకా తేలదు. ఆఖరికి మర్డాక్‌ని ఇంటితో సహా మింగింది ఆ నేలే కదా. అయినా నా ప్రశ్న మాటకి సంబంధించింది.

గోదారి గట్టు:
మాటే కావాలంటే సుమతి శతకం ఉంది కదండీ. 'అప్పిచ్చువాడు' అనండి.

కళ్లం కబుర్లు:
అక్కా, ఆ పద్యంల అప్పిచ్చేటోడు వైద్యునికన్నా ముందున్నడు! వాడున్న ఊర్లనే ఉండుమన్నడు కవి. గాంబీనోడున్న ఊర్ల ఉండుమంటవా?

గోదారి గట్టు:
'ఇచ్చువాడు' అన్నాడు తమ్ముడూ, 'గుంజుకొనువాడు' అనలేదు. అదే కవి ఇంకో పద్యంలో 'అప్పుగొని సేయు విభవము' తెప్పరమై కీడు తెస్తుందనీ అన్నాడు.

ఛందో భాస్కరం:
తెప్పరం కాదమ్మా, దెప్పరం. 'దెప్పరమై మీద గీడు దెచ్చుర సుమతీ'. దెప్పరం అంటే ఆపద. తెప్పరిల్లడం అంటే తేరుకోవడం. ఒక్క అక్షరంతో అర్థం తలకిందులైంది.

గోదారి గట్టు:
మాస్టారూ, మరి అదే పాదంలో 'దెచ్చుర' మాటేమిటి? అది తెచ్చురే కదా. 'రాజ్యము' తర్వాత గసడదవాదేశం వచ్చి త కాస్తా ద కాకూడదా? మూలం 'తె' అయ్యే అవకాశం మీ సూత్రమే ఇస్తోంది.

ఛందో భాస్కరం:
సూత్రం అవకాశం ఇస్తుంది, నిఘంటువు ఇవ్వదు. దెప్పరం స్వతంత్రంగానే ద-కారాది. బద్దెన చేతిలో ఏ మాటా ఊరికే పడదు. ఆ పద్యంలో వరస చూడండి: అప్పు చేసి చేసిన వైభోగం, ముసలితనంలో పడుచు పెళ్లాం, మూర్ఖుడి తపస్సు, తప్పొప్పులు చూడని రాజు. నాలుగూ పైకి బాగానే కనిపిస్తాయి, దెబ్బ తర్వాత తగులుతుంది.

డబ్లిన్ చలి:
బద్దెన అంటున్నారు, సుమతి శతకం ఆయనదేనని ఖాయమా? అది ఇంకో వంద కామెంట్ల గొడవ.

ఛందో భాస్కరం:
గొడవే, కానీ దానికీ దెప్పరానికీ సంబంధం లేదు.

పాత నవలల పిచ్చి:
అయ్యా, నా ముసలాయన ఇంకా సారాకొట్టులోనే కూర్చున్నాడు. పట్నంవాడికి 'వడ్డీవ్యాపారి', మర్డాక్‌కి 'నాగులవాడు' అని పెడుతున్నాను. కోస్తావాళ్లకి అర్థమవుతుందా?

గోదారి గట్టు:
మాకు పామే గుర్తొస్తుంది. పాములవాడు అనుకుంటాం.

కళ్లం కబుర్లు:
అదే కావాలె కదా!

ఛందో భాస్కరం:
బహువచనం తప్పు. 'నాగులవాడు' కాదు, 'నాగువాడు' అనాలి.

కళ్లం కబుర్లు:
మా నాయనమ్మ నాగులనే అంటుండె సార్. ఆమెకు సూత్రం చెప్పేటోళ్లు లేకుండె.