150 నాటుకోళ్ళకు ఫీడర్లు, డ్రింకర్లు: ఏవి, ఎన్ని, ఎంత ఎత్తులో?

నాటుకోడి_నల్గొండ
నమస్తే అన్నలూ. 20×40 అడుగుల షెడ్డు, కింద వరి పొట్టు. 10 వారాల అసిల్ క్రాస్ (పందెం కోడి జాతి కలిసినవి), వనరాజా (పెరటి కోడి రకం) కలిపి 150 ఉన్నాయి. వచ్చే నెల ఇంకో 100 ఒకరోజు పిల్లల్ని దించుతున్న. పగలు కంచెలో వదులుతం, పొద్దున, సాయంత్రం దాణా. ఇప్పుడు పొడుగు రేకు తొట్లు, ప్లాస్టిక్ బేసిన్లు ఉన్నాయి. దాణా పొట్టుల కలుస్తుంది, బేసిన్ల నీళ్ళు పది గంటలకే బురద. బోరు నీళ్ళు, బకెట్ అంచుకు తెల్లగ పొర కడతది. నిప్పల్ లైను (పైపుకున్న పిన్నును కోడి ముక్కుతో నొక్కితే నీళ్ళొచ్చేది) వేయాల్నా, బెల్ డ్రింకర్లు (గంట ఆకారంల వేలాడేవి, కింద పళ్ళెంల నీళ్ళు నిలిచేవి) కొనాల్నా? ఫీడర్లు ఎన్ని?

షెడ్డు_మేస్త్రి
ముందు ఫీడర్ల సంగతి. డబ్బు కారిపోయేది అక్కడే.

వేలాడే గుండ్రటి ఫీడర్ పళ్ళెం 40 సెంటీమీటర్లు ఉంటే చుట్టుకొలత సుమారు 125. ఎదిగిన కోడి నిలబడి తినడానికి గుండ్రటి దాంట్లో 8 సెంటీమీటర్లు లెక్కేసుకోండి. అంటే ఒకేసారి 15 కోళ్ళు. దాణా రోజంతా ఉంచే షెడ్డులో వంతులవారీగా తింటాయి కాబట్టి ఒక్కోదానికి 25 దాకా సరిపోతుంది. షాపువాళ్ళు చెప్పే 40, 50 లెక్క బ్రాయిలర్ పిల్లలది. మీరు రెండు పూటలే వేస్తున్నారు, అన్నీ ఒకేసారి ఎగబడతాయి. కాబట్టి 25 చొప్పున లెక్కకొచ్చే 6 చాలవు, 15 చొప్పున 10 పెట్టండి. అవి కూడా షెడ్డంతా విడివిడిగా. ఒకే వరసలో కడితే రెండు అసిల్ పుంజులు వరసంతా కాపలా కాస్తాయి, పెట్టలు ఆకలితో తిరుగుతాయి.

ఎత్తు: పళ్ళెం అంచు కోడి వీపుకు సమానంగా ఉండాలి. సైజులు కలిసి ఉన్నాయి కదా, మూడు ఫీడర్లు చిన్నవాటి వీపు ఎత్తులో, మిగతావి పెద్దవాటి ఎత్తులో. తాడుకు ముడి వేయకండి, గొలుసు, ఎస్ కొక్కెం పెడితే వారానికోసారి ఒక కొక్కీ పైకి జరపడం నిమిషం పని.

నింపడం: తొట్టి నిండా పోస్తే 30 శాతం దాకా వృథా, మూడింట రెండు వంతులు పోస్తే 10, సగానికి 3, మూడో వంతుకు 1 శాతం. పౌల్ట్రీ శిక్షణల్లో ఎప్పటినుంచో చెప్పే లెక్క ఇదే. గుండ్రటి ఫీడర్లో గొట్టం నిండుగా ఉన్నా ఫర్వాలేదు, పళ్ళెంలోకి దిగే సందును తగ్గించుకోండి. పళ్ళెంలో దాణా మూడో వంతు దాటకూడదు. లోపల అడ్డ రెక్కలున్న పళ్ళెం తీసుకోండి. లేకపోతే ముక్కుతో పక్కకు ఊడ్చి పారేస్తాయి.

పాత రేకు తొట్లు పారేయొద్దు. పైన మధ్యలో తిరిగే కడ్డీ బిగిస్తే కోడి ఎక్కి కూర్చోలేదు, రెట్ట పడదు.

నాటుకోడి_నల్గొండ
మాష్ దాణా (పిండిలెక్క ఉండేది) వాడుతున్న. వానాకాలం గొట్టంల ఇరుక్కుంటదని విన్న?

షెడ్డు_మేస్త్రి
ఇరుక్కుంటుంది. పైకి నిండుగానే కనిపిస్తుంది, కింద పళ్ళెం ఖాళీ. ముసురు పట్టిన రోజుల్లో ఒక్క పూటకు సరిపడానే పోసి, పొద్దున ఒకసారి గొట్టం తట్టండి. అడుగున గట్టిపడిన ఉండలు తీసి పారేయండి, బూజు పట్టిన దాణా పెట్టొద్దు. క్రంబుల్ (రవ్వలా ఉండే దాణా) అయితే ఈ బాధ తక్కువ.

బోరునీళ్ళ_బాధితుడు
నీళ్ళ దగ్గరికి వస్తే నాది వేరే మాట. తెల్ల పొర కట్టే నీళ్ళకు నిప్పల్ లైను కళ్ళు మూసుకుని వేయకండి. సున్నం పిన్ను కింద పేరుకుంటే రెండే జరుగుతాయి: పిన్ను సరిగా కూర్చోక చుక్కలు కారుతుంది, లేదా బిగుసుకుని నీళ్ళే రావు. కారితే కింద పొట్టు ముద్దై అమ్మోనియా వాసన, ఆ తడిలోనే రక్త విరేచనాలు మొదలవుతాయి. రాకపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే పైకి ఏమీ తెలియదు, కోళ్ళు మేత తగ్గించేదాకా.

మీకు నా సలహా: షెడ్డులో 3 బెల్ డ్రింకర్లు. ఒక్కోటి 75 కోళ్ళకు చాలు, కాబట్టి రెండు సరిపోతాయి, మూడోది ఒకటి ఆగినా ఇబ్బంది లేకుండా. బెల్ లోపలి ఖాళీలో బరువు కోసం నీళ్ళు పోయడం మరవొద్దు. పోయకపోతే కోడి తగిలినప్పుడల్లా ఊగి నీళ్ళు చిమ్ముతుంది. అంచు వీపు ఎత్తులో, పళ్ళెంలో నీళ్ళు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు. రోజూ పొద్దున పళ్ళెం వేలితో తడిమి చూడండి, జారుగా ఉంటే బ్రష్‌తో రుద్దాలి.

షెడ్డు_మేస్త్రి
బెల్‌కు కాదనను, కానీ తెరిచిన నీళ్ళలో దాణా, దుమ్ము పడతాయి. నిప్పల్ పాడయ్యేది ఎక్కువగా బిగించే తప్పువల్ల. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నేరుగా లైను ఇస్తే ఒత్తిడి ఎక్కువై కారతాయి. మధ్యలో 20 లీటర్ల బకెట్, దానిలో ఫ్లోట్ వాల్వు (మట్టం చేరగానే నీళ్ళు ఆపేది) పెట్టి, నీటి మట్టం నిప్పల్ లైనుకు 30 సెంటీమీటర్లు పైన ఉంచండి. లైను సమతలంగా, చివర కడగడానికి ఒక కుళాయి. ముందర సన్నజాలి ఫిల్టర్.

నిప్పల్‌కు 10 కోళ్ళు, 25 సెంటీమీటర్ల దూరం. 150కి 15 కావాలి, 8 చొప్పున రెండు లైన్లు వేయండి. కోడి మెడ 45 డిగ్రీలు పైకి చాచి తాగాలి. పరీక్ష: కింద గ్లాసు పట్టి పిన్ను నిమిషం నొక్కండి. 60 మిల్లీలీటర్లు వస్తే బాగుంది, 40 కన్నా తక్కువైతే పూడుకుంది. బ్యాచ్ ఖాళీ అయినప్పుడు లీటరుకు 10 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి రాత్రంతా లైనులో నింపి ఉంచి, తెల్లారి మంచినీళ్ళతో కడిగేయండి. నిమ్మ ఉప్పు అని కిరాణాలో దొరికేది ఇదే.

కోడి_వైద్యం
మీరు దించబోయే ఒకరోజు కోడిపిల్లలకు మొదటి వారం నిప్పల్ గానీ బెల్ గానీ వద్దు. 50 పిల్లలకు ఒక 2, 3 లీటర్ల చిన్న డ్రింకర్, అంచులో గులకరాళ్ళు వేయండి, పడి మునగవు. మేత పళ్ళెం 50కి ఒకటి. మొదటి రోజు పేపరు మీద కూడా చల్లండి. బెల్లం నీళ్ళు, విటమిన్లు చిన్న డ్రింకర్లోనే ఇవ్వండి. నిప్పల్ లైనులోకి పంపితే లోపల జిగురు పొర పట్టి అది తీయడం నరకం.

నీళ్ళలో వ్యాక్సిన్ ఇచ్చేటప్పుడు, రెండు రోజుల ముందే బ్లీచింగ్ ఆపేయండి. నీళ్ళలో లీటరుకు 5 గ్రాముల కొవ్వు తీసిన పాలపొడి కలిపి అరగంట ఆగి వ్యాక్సిన్ వేయాలి. కోళ్ళకు గంట, రెండు గంటలు నీళ్ళు ఆపి, ఇచ్చాక రెండు గంటల్లో అయిపోయేంతే కలపండి. మామూలు రోజుల్లో బ్లీచింగ్ పౌడర్ 1000 లీటర్లకు 10 గ్రాములు, అది తేరాక పైనీళ్ళు వాడండి.

నాటుకోడి_నల్గొండ
ఎండాకాలం నల్ల ట్యాంకుల నీళ్ళు చేతికే కాలుతున్నయి. వాటికి?

బోరునీళ్ళ_బాధితుడు
కోడి మామూలుగా తిన్న మేతకు రెట్టింపు నీళ్ళు తాగుతుంది, మండే ఎండలో ఇంకా ఎక్కువ. వేడిగా ఉంటే తాగదు, మేతా తినదు. ట్యాంకుకు తెల్ల రంగు వేయండి, పైన తడి గోనెసంచులు కప్పండి. బయటి పైపు అడుగు లోతు మట్టిలో పూడ్చండి. మధ్యాహ్నం 12కి, 3కి చివరి కుళాయి తిప్పి వేడి నీళ్ళు వదిలేయండి. కంచెలో నీడకు మట్టి కుండలు కూడా పెట్టండి, వంపులేని అడుగున్నవి. అవి రెండు పూటలా కడగాలి. ఫీడర్లలో మిగిలిన దాణా మాత్రం రాత్రి తీసి మూతున్న డ్రమ్ములో పెట్టండి, ఎలుకలు మీ దాణాకు అప్పుడే వస్తాయి.