రిటైరయ్యాక హాస్పిస్‌లో వాలంటీరుగా వెళ్ళాలా? డబ్బిస్తే చాలదా?

పాత క్యాషియర్ (హైదరాబాద్):
ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేసి పోయిన ఏప్రిల్లో రిటైరయ్యాను. వారానికి రెండు రోజులు హాస్పిస్‌కి వెళ్ళి ఏదో ఒక పని చేయాలని ఉంది. తెలియనివాళ్ళకి: జబ్బు ఇక నయం కాదని తేలినవాళ్ళని, ఎక్కువగా క్యాన్సర్ వాళ్ళని, నొప్పి తెలియకుండా చివరిదాకా చూసుకునే చోటు అది. మా వైపు ఖాజాగూడలో స్పర్శ్ ఉంది. రోటరీ వాళ్ళు 2011లో మొదలుపెట్టారు, పేషెంట్ల దగ్గర డబ్బు తీసుకోరు.
మా నాన్న పోయినప్పుడు పదకొండు రోజులు ఐసీయూ అద్దం బయటే నిలబడ్డాం. అది ఇంకా మనసులోంచి పోలేదు.
ఇంట్లో గొడవగా ఉంది. మా అబ్బాయి "నెలకి ఐదు వేలు పంపుదాం నాన్నా, నువ్వెందుకు" అంటాడు. మా చెల్లెలు "ఫిబ్రవరిలో పిల్ల పెళ్ళి పెట్టుకుని చావులు చూసొస్తావా అన్నయ్యా" అంటోంది. మీరేమంటారు?

గోదావరి గట్టు:
అబ్బాయి మాటే కరెక్ట్. ఆ ఐదు వేలకి ఆయా జీతంలో కొంతైనా వస్తుంది. మనవాళ్ళకి పేషెంటు దగ్గర కూర్చోవడం రాదండీ. మా బాబాయిని చూడ్డానికి వచ్చినవాళ్ళలో సగం మంది పసరు మందులు చెప్పారు, మిగతా సగం తమ ఆపరేషన్ల కథలు చెప్పారు. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నైట్ డ్యూటీ సిస్టర్:
ఇలాంటి చోటే ఆరేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. గట్టు గారు చెప్పింది సగం నిజం. కేకు తెచ్చి, వార్డులో ఫొటోలు దిగి వెళ్ళిపోయేవాళ్ళని చూశాను. "ఏం కాదు, నెల్లో లేచి తిరుగుతారు" అని ధైర్యం చెప్పేవాళ్ళు ఇంకా ప్రమాదం. వాళ్ళు వెళ్ళాక పేషెంటు మా మొహాల్లోకి చూస్తారు, నిజమేనా అన్నట్టు. దానికి మేం జవాబు చెప్పుకోవాలి.
మిగతా సగం కూడా వినండి. మా దగ్గరికి మంగళవారాలు ఒక రిటైర్డ్ టీచరమ్మ వస్తారు. మింగలేని పెద్దాయన ఒకాయన మూడు రోజులుగా నోరు విప్పలేదు. ఆవిడతో మాత్రం "ఆవకాయ" అన్నాడు. ఆవిడ డాక్టరు గారిని అడిగి, మర్నాడు ఇంటి నుంచి చిన్న సీసాలో తెచ్చారు. వేడన్నంలో కలిపి ఆయన ముక్కు దగ్గర పట్టుకుని, వేలి కొసతో కాస్త ఊట నాలుకకి తగిలించారు. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని, "వెల్లుల్లి తక్కువైంది" అన్నాడు.
ఎనిమిది మందిని చూసుకునే ఆయాకి ఇంత తీరిక ఎక్కడుంటుంది?
క్యాషియర్ గారూ, మీరు మంచం దగ్గరికే రానక్కర్లేదు కూడా. నామినీ లేని ఖాతాలు, చెయ్యి వణికి కుదరని సంతకాలు... భార్యలు మమ్మల్ని అడుగుతారు, మాకేం తెలుసు?

పాత క్యాషియర్:
అది నా పనే సిస్టర్. సంతకం పెట్టలేకపోతే వేలిముద్ర చాలు. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. మనిషి స్పృహలో ఉండగానే చేసుకోవాలి, పోయాక ఆ ఇల్లాలు తిరగని ఆఫీసు ఉండదు.

కోజికోడ్ కోడలు:
నేను కేరళలో ఉంటాను. ఇక్కడ ఇలాంటి సేవ 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో చిన్నగా మొదలైంది. తరవాత ఊళ్ళవాళ్ళే నేర్చుకుని ఇంటింటికీ వెళ్ళడం మొదలుపెట్టారు. మా మామగారికి చివర్లో పుండ్లు కడగడం నాకు నేర్పింది నర్సే కానీ, వారం వారం వచ్చి ఆయనతో ఫుట్‌బాల్ కబుర్లు చెప్పింది మా వీధిలో రిటైరైన పోస్ట్‌మ్యాన్.

గోదావరి గట్టు:
అక్కడ 2008లో ప్రభుత్వమే పాలసీ తెచ్చిందమ్మా. పంచాయతీలు నర్సులని పెట్టాయి. ఆ వెన్నెముక లేకుండా ఇక్కడ ముసలివాళ్ళని పంపితే ఏం లాభం?

కోజికోడ్ కోడలు:
వరస తిరగేశారు బాబాయ్ గారూ. ముందు జనం వెళ్ళారు, పదిహేనేళ్ళకి ప్రభుత్వం వచ్చింది.

తిరుపతి మామ్మ:
చెల్లెలి భయానికి నా జవాబు. చావింటికి వెళ్ళొస్తే స్నానం చేసి లోపలికి రమ్మన్నారు గానీ, వెళ్ళొద్దని ఏ పెద్దలూ చెప్పలేదు నాయనా. పైగా అక్కడున్నది బతికున్నవాళ్ళు. పెళ్ళి వారం మానెయ్యి, చెల్లెలి మాటా దక్కుతుంది.

వంటింటి కిటికీ:
ఇంతమంది రాశారు, ఒక్కరూ అడగలేదు. క్యాషియర్ గారూ, అబ్బాయి మాట రాశారు, చెల్లెలి మాట రాశారు. మీ ఆవిడ మాటేది? మీ ఇంట్లో మంచాన ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మా ఆయన రిటైరయ్యాక వృద్ధాశ్రమంలో వడ్డనకి వెళ్ళేవారు, పేపర్లో ఫొటో కూడా పడింది. మా అత్తగారికి బెడ్‌పాన్ మాత్రం ఎప్పుడూ నేనే పెట్టాను.

గోదావరి గట్టు:
ఇది నాకూ తగిలింది.

పాత క్యాషియర్:
రెండు రోజులు జవాబు రాయలేదు, క్షమించండి. ఉన్నారమ్మా. మా అత్తగారు, ఎనభై ఆరేళ్ళు, తుంటి విరిగి మంచంలోనే ఉన్నారు. నాలుగేళ్ళుగా మా ఆవిడే చూసుకుంటోంది. మీ ప్రశ్న ఆవిడకి చదివి వినిపించాను. తల కూడా ఎత్తకుండా, "ముందు మా అమ్మకి గోళ్ళు తీయండి, చూద్దాం" అంది.
నిన్న గోరువెచ్చటి నీళ్ళు, నెయిల్ కట్టర్ పట్టుకుని కూర్చున్నాను. అత్తగారు చెయ్యి ఇవ్వరు. "పెళ్ళిలో మీ కాళ్ళ మీద నీళ్ళు పోసినదాన్ని, మీ చేత సేవ చేయించుకుంటానా" అని దుప్పట్లో దాచేసుకున్నారు. బతిమాలితే ఒక చెయ్యి ఇచ్చారు. గోళ్ళు కొమ్ములా గట్టిపడ్డాయి, నానబెడితే గానీ తెగవు. మూడు వేళ్ళకే ముప్పావు గంట పట్టింది. నాలుగో వేలికి "చాలు బాబూ, నిద్రొస్తోంది" అన్నారు. అప్పటికి కళ్ళజోడు చెమటకి మసకబారి నాకూ సరిగా కనబడటం లేదు.
ఇంకా ఏడు వేళ్ళున్నాయి. ఖాజాగూడకి ఫోన్ చేసే సంగతి ఆ తరవాత చూస్తాను.